ఇరుక్కుపోయిన మోటారు, రెండు స్టీలు గ్లాసులు

మన ఇళ్ళల్లో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సమస్యతో మొదలెడతాను. తోమిన గ్లాసులు ఒకదానిలో ఒకటి పెట్టి గట్టు మీద పెడతాం. మర్నాడు చూస్తే రెండు స్టీలు గ్లాసులు బిగుసుకుపోయి వుంటాయి. ఎంత లాగినా రావు. ఓపిక లేనివాళ్ళు వాటిని గట్టుకేసి కొడతారు. గ్లాసులు విడిపోవు కానీ రెండూ సొట్టలు పడతాయి. అనుభవం వున్న అమ్మమ్మలు అలా చెయ్యరు. లోపలి గ్లాసులో చన్నీళ్ళు పోసి, బయటి గ్లాసుని వేడినీళ్ళ గిన్నెలో నిలబెడతారు. ఒక్క నిమిషం ఆగి మెల్లిగా మెలితిప్పితే గ్లాసు చేతిలోకి వచ్చేస్తుంది.

ఈ వ్యాసంలో చెప్పబోయేది కూడా ఆ రెండు గ్లాసుల కథే. కాకపోతే ఇక్కడ బయటి గ్లాసు నా సైకిలు ఫ్రేము, లోపలి గ్లాసు దానికి నేను బిగించిన ఎలక్ట్రిక్ మోటారు. ఇంకో చిక్కు కూడా వుంది. అమ్మమ్మ చిట్కాలో వేడినీళ్ళ భాగం ఇక్కడ సాయం చెయ్యకపోగా ఎదురు తిరిగే ప్రమాదం వుంది. ఎందుకో తరవాత చెప్తాను.

ముందు సైకిలు సంగతి. నేను అమెరికా వచ్చింది 2001లో. మినియాపొలిస్‌లో ఉద్యోగం. కారు కొనడానికి చేతిలో డబ్బు లేదు. మొదటి జీతంలోంచి తీసి కొన్న మొదటి పెద్ద వస్తువు ఈ సైకిలు. క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు ఫ్రేము. తరవాత కారు వచ్చింది, ఇల్లు వచ్చింది, పిల్లలు వచ్చారు. సైకిలు మాత్రం గరాజులో గోడకి వేలాడుతూ వుండిపోయింది. మోకాళ్ళు మొరాయించడం మొదలెట్టాక, 2019లో దానికి ఒక మోటారు కిట్ కొని నేనే బిగించాను. మళ్ళీ ఆఫీసుకి సైకిలు మీద వెళ్ళడం మొదలెట్టాను. ఎండలో, వానలో, ఉప్పు చల్లిన మంచు రోడ్ల మీద ఐదు చలికాలాలు తిరిగింది.

2024 శరదృతువులో మోటారు లోపలినించి కరకరమని చప్పుడు మొదలైంది. లోపల ఒక పళ్ళ చక్రం అరిగిందని అర్థమైంది. అది మార్చడం పెద్ద పనేం కాదు, కానీ మోటారుని ఫ్రేములోంచి బయటికి తియ్యాలి. నట్లన్నీ విప్పాను. లాగాను. కదల్లేదు. గట్టిగా లాగాను. సైకిలంతా వచ్చింది కానీ మోటారు రాలేదు. ఒక రిపేరు షాపుకి తీసుకెళితే, అక్కడి మెకానిక్ రెండు నిమిషాలు చూసి, "ఫ్రేము కోసెయ్యి, కొత్తది కొనుక్కో" అన్నాడు. అతను చెప్పింది లెక్క ప్రకారం సబబే. కానీ మొదటి జీతంతో కొన్న వస్తువుకి లెక్కలు వేరే వుంటాయి కదా!

మధ్యలో వుండే మోటారు

ఎలక్ట్రిక్ సైకిళ్ళలో మోటారు పెట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది చక్రం నడిమధ్య, హబ్బులో పెట్టడం. రెండోది పెడళ్ళ దగ్గర పెట్టడం. దీన్నే మిడ్-డ్రైవ్ అంటారు. చక్రంలో వున్న మోటారు చక్రాన్ని తిన్నగా తిప్పుతుంది. పెడళ్ళ దగ్గర వున్న మోటారు గొలుసుని లాగుతుంది. అంటే సైకిలుకి వున్న గేర్లన్నీ మోటారుకి కూడా పనికొస్తాయి. ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న గేరు వేస్తే మనకి ఎంత సుఖమో మోటారుకీ అంతే సుఖం.

ఈ మిడ్-డ్రైవ్‌లో మళ్ళీ రెండు జాతులు. ఒకటి, ఫ్యాక్టరీలోనే మోటారు కోసం ప్రత్యేకంగా చేసిన ఫ్రేములో బోల్టులతో బిగించేది. బాష్, షిమానో వంటి కంపెనీలవి ఇలాంటివే. రెండోది, మామూలు సైకిలుకి మనం తగిలించుకునే కిట్. చైనాలో సుజౌ నగరానికి చెందిన బాఫాంగ్ కంపెనీ బి.బి.ఎస్. రకం మోటార్లు ఈ జాతిలో బాగా పేరున్నవి. ఈ వ్యాసం రెండో జాతి గురించి.

ఏ సైకిలుకైనా అడుగున, రెండు పెడళ్ళనీ కలిపే ఇరుసు దూరడానికి అడ్డంగా ఒక పొట్టి గొట్టం వుంటుంది. ఇంగ్లీషులో బాటం బ్రాకెట్ షెల్ అంటారు. మనం ఇక్కడ ఇరుసు గొట్టం అందాం. చాలా సైకిళ్ళకి దీని వెడల్పు 68 లేక 73 మి.మీ. వుంటుంది. లోపలి అంచుల్లో మరలు కోసి వుంటాయి. కిట్ మోటారుకి పక్కనించి ఒక అల్యూమినియం గొట్టం పొడుచుకుని వస్తుంది. దాన్ని మోటారు మెడ అందాం. దాని వ్యాసం సుమారు 33.5 మి.మీ. పాత ఇరుసుని తీసేసి, ఈ మెడని కుడి పక్కనించి, అంటే గొలుసు వున్న పక్కనించి, ఇరుసు గొట్టంలోకి దూరుస్తాం. ఎడమ పక్కన బయటికి వచ్చిన కొసకి ఒక పళ్ళున్న రేకు, పెద్ద గుండ్రటి నట్టు, దాని మీద ఇంకో సన్న నట్టు బిగిస్తాం. మోటారు సొంత ఇరుసు ఈ మెడ లోపలే తిరుగుతుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. మోటారు మెడ ఇరుసు గొట్టంలోని మరల్లోకి ఎక్కదు. ఊరికే జారి కూర్చుంటుంది, అంతే. కాబట్టి ఆ మరల సందులన్నీ ఖాళీగా మిగిలిపోతాయి. ఆ ఖాళీలే మన కథలో విలన్లు.

ఎందుకు పట్టేస్తుంది?

ఉక్కు, అల్యూమినియం రెండూ ఒకదాన్నొకటి తాకుతూ, మధ్యలో ఉప్పునీరు వుంటే అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. వేరే వేరే లోహాలు, తడి కలిస్తే విద్యుత్తు పుడుతుందన్న సంగతి పద్దెనిమిదో శతాబ్దం చివర ఇటలీలో బయటపడింది. లూయీజీ గాల్వానీ కప్ప కాళ్ళు ఎగిరిపడటం చూసి అది జంతువులో వున్న విద్యుత్తు అనుకున్నాడు. కాదు, అది లోహాల మహిమ అని వోల్టా వాదించి, 1800లో లోహపు బిళ్ళలు దొంతర పేర్చి బ్యాటరీ చేసి చూపించాడు. వాదంలో నెగ్గింది వోల్టాయే అయినా, ఈ రకం తుప్పుకి మాత్రం గాల్వానీ పేరే నిలిచింది. గాల్వానిక్ కరోషన్ అంటారు.

ఈ బ్యాటరీలో అరిగిపోయేది అల్యూమినియం. ఉక్కు కంటే అది తొందరగా ఎలెక్ట్రానులని వదులుకుంటుంది. వదులుకున్న అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి, పోయిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. చోటు లేనిచోట అది ఉబ్బడం మొదలెడితే ఏమవుతుంది? ఖాళీగా వున్న మరల సందులు ముందు నిండుతాయి. ఆ తరవాత రెండు గొట్టాల మధ్యా మేకు దిగ్గొట్టినట్టు బిగుసుకుపోతుంది. అంటే మోటారుని పట్టుకున్నది నట్టూ కాదు, బోల్టూ కాదు. పొడి!

మన ఖర్మకి ఇరుసు గొట్టం సైకిలు మొత్తంలో అతి పల్లపు జాగా. సీటు కింది గొట్టంలోకి దిగిన వాన నీరు చివరికి చేరేది అక్కడికే. దానికి తోడు చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు. కొన్నిచోట్ల వాడే కాల్షియం క్లోరైడు గాలిలోని తేమని కూడా పీల్చుకుంటుంది. దానితో రోడ్డు ఎండినా సైకిలు లోపల తడి ఆరదు. ఇది మంచు దేశాల బాధే అనుకోకండి. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఇల్లున్నవాళ్ళకి కిటికీ ఊచల గతి తెలుసు. దుబాయిలో, దోహాలో సముద్రపు గాలిలో సైకిలు తొక్కేవాళ్ళకీ ఇదే వరస.

ఇది ఎంత పెద్ద ఎత్తున జరగగలదో చూడాలంటే, మనలో చాలామంది ముందు నిలబడి ఫొటో దిగిన న్యూయార్కు స్వేచ్ఛా ప్రతిమనే తీసుకోండి. 1886లో నిలబెట్టిన ఆ విగ్రహానికి పైన రాగి రేకు, లోపల ఇనుప అస్థిపంజరం. రెండూ తగలకుండా మధ్యలో లక్క పూసిన ఆస్బెస్టాస్ పెట్టారు. ఏళ్ళు గడిచేసరికి అది చివికిపోయింది. సముద్రపు తేమ చేరింది. ఇక్కడ అరిగిపోయింది ఇనుము. ఆ తుప్పు ఉబ్బి, రాగి రేకుకి కొట్టిన రివెట్లని పీకేసింది. 1984 నించి 1986 దాకా జరిగిన మరమ్మతులో ఆ ఇనుప పట్టీలు తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలువి పెట్టి, మధ్యలో టెఫ్లాన్ పొర వేశారు. అంత విగ్రహానికే తప్పలేదు, నా సైకిలెంత!

ముందు తేల్చుకోవలసిన ప్రశ్న

పానా చేతిలోకి తీసుకునే ముందు ఒక ప్రశ్నకి సమాధానం చెప్పుకోవాలి. రెండిట్లో ఒకటే దక్కుతుందంటే మీకు ఏది కావాలి, ఫ్రేమా, మోటారా? చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. రెండూ కావాలనుకుని, గంట తరవాత కోపమొచ్చి సుత్తి తీసుకుని, రెండూ పోగొట్టుకుంటారు. నాకు కావలసింది ఫ్రేము. మోటారు దక్కితే సంతోషం, పోతే కొత్తది కొనుక్కోవచ్చు. ఈ సంగతి ఒక కాగితం మీద రాసి గరాజు గోడకి అంటించాను. హాస్యానికి కాదు. రెండో రోజు సాయంత్రం సుత్తి మీద చెయ్యి పడినప్పుడు ఆ కాగితమే నన్ను ఆపింది.

విప్పడం

మొదట బ్యాటరీ తీసి దూరంగా పెట్టండి. తీసిన తరవాత కూడా స్విచ్చి ఒకసారి నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కాస్త విద్యుత్తు ఖర్చయిపోతుంది. బ్యాటరీ కొసలకి టేపు చుట్టండి. వైర్లన్నిటికీ ఒక ఫొటో తీసుకోండి. ఈ మోటార్లకి వుండే గుండ్రటి ప్లగ్గులని మెలితిప్పకూడదు, తిన్నగా లాగాలి. తిప్పితే లోపలి సన్నటి పిన్నులు విరుగుతాయి.

తరవాత క్రాంకులు. ముందు మధ్యలో వున్న బోల్టు పూర్తిగా తీసెయ్యాలి. లోపల వాషరు మిగిలిపోయిందేమో చూడాలి. అప్పుడు క్రాంకు పుల్లరు అనే పనిముట్టుని చేత్తోనే పూర్తిగా లోపలిదాకా మర ఎక్కించి, ఆ తరవాతే పానాతో తిప్పాలి. సగం మరలు ఎక్కించి బలం పెడితే క్రాంకులోని మెత్తటి అల్యూమినియం మరలు ఊడి చేతిలోకి వస్తాయి. అప్పుడు ఒక సమస్య రెండవుతుంది.

ఎడమ పక్క రెండు గుండ్రటి నట్లు, వాటి కింద పళ్ళ రేకు వుంటాయి. నట్లు గడియారం ముల్లుకి ఎదురు దిక్కులో విప్పాలి. వాటికని అమ్మే గాట్ల పానా కొనండి. స్క్రూడ్రైవరు పెట్టి సుత్తితో కొడితే గాట్లు చితికిపోతాయి. పళ్ళ రేకుని మోటారుకి పట్టి వుంచే చిన్న బోల్టులు కూడా బిగుసుకుపోయి వుండొచ్చు. వాటిని విప్పే ముందు కాస్త బిగించే దిక్కుకి కదిపి చూడండి. ఒక్క వెంట్రుకవాసి కదిలినా లోపలి పట్టు తెగుతుంది. ఆ తరవాత విప్పడం సులువు.

ఇవన్నీ తీసేశాక, మామూలుగా అయితే మోటారు కుడిచేతి వైపుకి జారి వచ్చెయ్యాలి. రాకపోతే అసలు పని ఇప్పుడు మొదలు.

నూనె, ఓపిక

అందరి ఇళ్ళల్లో వుండే నూనె డబ్బా డబ్ల్యూ.డి.-40. దాని పేరుకి అర్థమే 'నీటిని తరిమే మందు, నలభయ్యో ప్రయత్నం' అని. 1953లో అట్లాస్ క్షిపణి తుప్పు పట్టకుండా వుండటానికి పుట్టింది. తుప్పు రాకుండా ఆపడం ఒకటి, వచ్చిన తుప్పులోకి దూరడం ఇంకొకటి. రెండో పనికి పట్టేసిన నట్ల కోసమే చేసిన పెనెట్రేటింగ్ ఆయిల్ వాడండి.

సైకిలుని ఎడమ పక్క పైకి వచ్చేట్టు పడుకోబెట్టి, మోటారు మెడకీ ఇరుసు గొట్టానికీ మధ్య సందులో నాలుగు చుక్కలు వెయ్యండి. చాలా ఫ్రేముల్లో సీటు కింది గొట్టం తిన్నగా ఇరుసు గొట్టంలోకి తెరుచుకుని వుంటుంది. సీటు తీసేసి, అందులోంచి కాస్త నూనె వదిలితే మధ్య భాగానికి కూడా అందుతుంది. ఈ చిన్న దారి చాలామందికి తట్టదు. చక్రాలు ముందే తీసేసి పక్కన పెట్టండి. బ్రేకుల మీద నూనె పడితే ఆ తరవాత మీకు మోటారు అవసరమే వుండదు! మోటారు ఇరుసు చుట్టూ వున్న రబ్బరు సీలు మీద పడింది కూడా తుడిచెయ్యండి. అది లోపలికి దిగితే గ్రీజుని పలచన చేస్తుంది.

ఒక రోజు ఎడమ పక్క పైకి, మర్నాడు కుడి పక్క పైకి. ఇలా వారం రోజులు. ఆవకాయ జాడీ మీద మూత పెట్టి మూడో రోజు దాకా ఆగినట్టే. మధ్యలో కెలకడం వల్ల లాభం లేదు.

ఇంటర్నెట్‌లో కొందరు అమ్మోనియా పొయ్యమంటారు, కొందరు కాస్టిక్ సోడా అంటారు. ఇరుక్కుపోయిన సీటు గొట్టాలకి ఆ సలహాలు ఎప్పటినించో వున్నాయి. మోటారుకి మాత్రం అవి కూడదు. అమ్మోనియా రాగికి, ఇత్తడికి శత్రువు, మోటారు చుట్టలన్నీ రాగివే. కాస్టిక్ సోడా అల్యూమినియాన్నే తినేస్తుంది, దానికి పొడి వేరు, మోటారు వేరు అన్న తేడా తెలియదు.

మెలితిప్పడం

గ్లాసుల్ని అమ్మమ్మ లాగలేదు, మెలితిప్పింది. గుర్తుందా? అదే సూత్రం. నిలువునా లాగితే పొడి పట్టు అంతా ఒక్కసారే తెగాలి. మెలితిప్పితే కొంచెం కొంచెంగా నలుగుతుంది. పైగా మెలితిప్పడానికి మోటారే ఒక మీట. దాని పొట్ట మెడకి ఒక పక్కగా వేలాడుతూ వుంటుంది కదా, అదే మన పిడి.

మోటారు పొట్టకీ, ముందుకి వెళ్ళే ఏటవాలు గొట్టానికీ మధ్య ఒక వెడల్పాటి చెక్క చీలిక పెట్టి మెల్లిగా తట్టాలి. మోటారు కిందకి తిరగడానికి ప్రయత్నిస్తుంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఫ్రేము గొట్టాల గోడలు పల్చగా వుంటాయి. చీలికని ఇరుసు గొట్టానికి వీలైనంత దగ్గరగా, అతుకు వున్న బలమైన చోట పెట్టాలి. గొట్టానికీ చెక్కకీ మధ్య పాత ట్యూబు ముక్క వెయ్యాలి. ఫ్రేము కార్బన్‌ది అయితే ఈ పద్ధతి జోలికే పోవద్దు.

ఆరో రోజున నా మోటారు టక్కుమంది. రెండు మిల్లీమీటర్లు తిరిగింది. అంతే. కానీ ఆ రెండు మిల్లీమీటర్లు చూసి ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది. తిరిగినదాన్ని మళ్ళీ వెనక్కి తిప్పి, నూనె వేసి, మళ్ళీ ముందుకి. మర బిగుసుకున్నప్పుడు మన ఊరి మెకానిక్కులు చేసేది ఇదే. మూడడుగులు ముందుకి, రెండడుగులు వెనక్కి.

వేడా, చలా?

ఇప్పుడు అమ్మమ్మ వేడినీళ్ళ సంగతి. పూర్వం మన పల్లెల్లో బండి చక్రానికి ఇనుప పట్టా ఎలా ఎక్కించేవారో పెద్దవాళ్ళకి తెలుసు. పట్టాని ఎర్రగా కాల్చి, వ్యాకోచించిన పట్టాని చెక్క చక్రం మీద వేసి నీళ్ళు పోసేవారు. బయటిది వేడెక్కితే పెద్దదవుతుంది, చల్లారితే బిగుస్తుంది. అందుకని ఇరుక్కున్నదేదైనా సరే టార్చి పెట్టి కాల్చమని సలహా ఇస్తారు.

కానీ ఏది బయట, ఏది లోపల అన్నది చూడాలి. ఒక్కొక్క డిగ్రీ సెల్సియస్ వేడికి ఉక్కు పది లక్షల్లో సుమారు 12 వంతులు పెరిగితే, అల్యూమినియం సుమారు 23 వంతులు పెరుగుతుంది. దాదాపు రెట్టింపు. నా సైకిలుకి బయట ఉక్కు, లోపల అల్యూమినియం. వేడి పెడితే క్షణాల్లో లోపలికి పాకుతుంది. అప్పుడు లోపలి మెడ బయటి గొట్టం కంటే ఎక్కువ ఉబ్బి ఇంకా బిగుస్తుంది. స్టీలు గ్లాసుల్లో రెండూ ఒకే లోహం, పైగా లోపల చన్నీళ్ళు వున్నాయి. ఇక్కడ మెడ లోపల నీళ్ళు పొయ్యడానికి చోటు లేదు, ఇరుసు వుంది.

పైగా మోటారుకి వేడి పడదు. లోపల వుండే నియోడిమియం అయస్కాంతాల్లో మామూలు రకాలు 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోవడం మొదలెడతాయి. నైలాన్ పళ్ళ చక్రం, రబ్బరు సీళ్ళు, గ్రీజు, వైర్ల తొడుగులు, అన్నీ వేడికి భయపడేవే.

మరి ఈ లెక్కనే తిరగేస్తే? చలి పెడితే ఉక్కు కంటే అల్యూమినియం ఎక్కువ ముడుచుకుంటుంది! ఇరవై డిగ్రీల గదిలోంచి మైనస్ ఇరవైలోకి తీసుకెళితే తేడా నలభై డిగ్రీలు. 33.5 మి.మీ. వ్యాసానికి లెక్క కడితే మెడకీ గొట్టానికీ మధ్య 0.015 మి.మీ. సందు అదనంగా వస్తుంది. మిల్లీమీటరులో వందో వంతు, ఆపైన ఇంకో సగం. చాలా తక్కువే, కానీ సగం నలిగిన పొడికి అది చాలు. ఇంకో మాట. ఫ్రేము కూడా అల్యూమినియందే అయితే రెండూ సమానంగా ముడుచుకుంటాయి. అప్పుడు ఈ లాభం లేదు, నూనె, మెలితిప్పడం మీదే ఆధారపడాలి.

మైనస్ ఇరవై డిగ్రీలు కొనుక్కోవాలంటే ఖర్చు. మినియాపొలిస్‌లో జనవరిలో ఉచితంగా దొరుకుతుంది! ఇన్నేళ్ళుగా తిట్టుకున్న చలి మొదటిసారి పనికొచ్చింది. సైకిలుని రాత్రంతా పెరట్లో పెట్టాను. బ్యాటరీ మాత్రం ఇంట్లోనే. గడ్డకట్టిన లిథియం బ్యాటరీని ఛార్జి చేస్తే అది పాడవుతుంది.

తొయ్యడం

తెల్లవారుఝామున నేనూ, మా ఆవిడా టోపీలు పెట్టుకుని పెరట్లోకి దిగాం. మోటారు బయటికి రావలసింది కుడి పక్కకి. కాబట్టి ఎడమ పక్క పైకి వుండేట్టు ఫ్రేముని పడుకోబెట్టి, ఇరుసు గొట్టానికి ఆనుకుని రెండు పక్కలా చెక్క దిమ్మలు పెట్టాం. మధ్యలో మోటారు కిందకి జారడానికి చోటు. కింద ఒక పాత దిండు.

ఇక్కడ చెయ్యకూడని తప్పు ఒకటే. కంటికి ఎదురుగా కనబడే ఉక్కు ఇరుసు కొస మీద కొట్టకూడదు. ఆ దెబ్బ మోటారు మెడకి కాదు, లోపలి బేరింగులకీ, పెడలు తిరగడం కనిపెట్టే సెన్సరుకీ తగులుతుంది. మోటారు వస్తుంది కానీ శవమై వస్తుంది. దెబ్బ పడవలసింది మెడ అంచు మీద. అందుకని పెద్ద గుండ్రటి నట్టుని మళ్ళీ మర ఎక్కించి, దాని పైభాగం మెడ అంచుతో సమానంగా వుండేట్టు ఆపాలి. అది మెడ మరలని కాపాడుతుంది. దాని మీద ఇరుసుని తాకనంత వెడల్పున్న ఒక ఇనుప పైపు ముక్క నిలబెట్టి, పైన చెక్క పెట్టి, బరువైన రబ్బరు సుత్తితో తట్టాలి. ఒక్క పెద్ద దెబ్బ కంటే ఇరవై చిన్న దెబ్బలు మేలు. కళ్ళకి అద్దాలు తప్పనిసరి.

పది దెబ్బలు, ఒకసారి అటూ ఇటూ మెలితిప్పడం. మళ్ళీ పది దెబ్బలు. మూడో విడతలో మెడ కొస ఒక మిల్లీమీటరు లోపలికి దిగింది. మా ఆవిడ టార్చిలైటు పట్టుకుని, "దిగుతోంది, దిగుతోంది" అంది. ఆ తరవాత ఐదు నిమిషాల్లో మోటారు దిండు మీద పడింది. మెడ చుట్టూ సుద్దముక్క అరగదీసినట్టు తెల్లటి పొడి. దాని మీద ఇరుసు గొట్టం మరల ముద్ర అచ్చుగుద్దినట్టు పడి వుంది.

అప్పటికీ రాకపోతే?

అప్పుడే గోడ మీద కాగితం చదువుకోవాలి. మోటారు కావాలి, ఫ్రేము పోయినా ఫరవాలేదు అనుకుంటే, ఇరుసు గొట్టాన్ని పొడుగునా ఒక చోట హేక్సా బ్లేడుతో మెడకి తగలకుండా కోస్తే పట్టు వదులుతుంది. ఫ్రేము కావాలి అనుకుంటే, మోటారు మూత విప్పి లోపలి సామానంతా, ఇరుసుతో సహా, తీసెయ్యాలి. ఖాళీ అయిన మెడని లోపలినించి పొడుగునా రెండు చోట్ల కోసి, ఆ ముక్కని లోపలికి వంచి లాగాలి. చివరి పొర దగ్గర చెయ్యి నెమ్మదించాలి, లేకపోతే ఫ్రేము మరలు తెగుతాయి. ఇది రెండు సాయంత్రాల పని. రెండూ దక్కించుకోవాలన్న ఆశ వదులుకున్నవాళ్ళకే ఇది సవ్యంగా జరుగుతుంది.

పదిహేను నిమిషాల పాఠం

నా మోటారులో అరిగిన నైలాన్ చక్రం మార్చాను. బేరింగులు బాగానే వున్నాయి. తిరిగి బిగించే ముందు ఇరుసు గొట్టం మరలని బ్రష్షుతో శుభ్రం చేసి, మెడ నిండా పడవలకి వాడే నీళ్ళకి కరగని గ్రీజు దట్టంగా పూశాను. మరల సందులు కూడా గ్రీజుతో నింపాను. స్వేచ్ఛా ప్రతిమకి టెఫ్లాన్ చేసే పనే ఇక్కడ గ్రీజు చేస్తుంది. రెండు లోహాల మధ్యా నీరు చేరకుండా అడ్డుపడుతుంది. నీరు లేకపోతే బ్యాటరీ లేదు, బ్యాటరీ లేకపోతే పొడి లేదు. ఇరుసు గొట్టం అడుగున నీరు పోవడానికి చిన్న కన్నం వుంటే అది మూసుకుపోలేదని చూసుకోండి. సీటు గొట్టం పైన నీరు దిగకుండా చూడండి. ఏటా చలికాలానికి ముందు ఒకసారి మోటారు దింపి, తుడిచి, మళ్ళీ గ్రీజు పెట్టండి. పట్టెయ్యని మోటారు దింపడం పావుగంట పని.

ఇంతకీ ఇదంతా ఎందుకొచ్చిందో ఒప్పుకోవాలి. తప్పు కిట్ చేసినవాళ్ళది కాదు, ఉప్పు చల్లినవాళ్ళదీ కాదు. 2019లో ఆ మోటారు బిగించిన రోజు గ్రీజు డబ్బా నా పక్కనే వుంది. మూత తియ్యడానికి బద్ధకించాను. సాయంత్రంలోగా తొక్కి చూడాలన్న తొందర. ఆ రోజు మిగుల్చుకున్న పదిహేను నిమిషాలకి ఐదేళ్ళ తరవాత రెండు వారాలు వడ్డీ కట్టాను.

గోడ మీద కాగితం తీసేశాను. దాని స్థానంలో ఇంకోటి అంటించాను. దాని మీద ఒకే మాట వుంది: "గ్రీజు".